నిండుకుండ పడి లేచిన వైనం

రైల్వే స్టేషను ఎదురు సందులో ఉన్న ఆ హోటల్లో ఆయనకు సొంత పేరుతో ఎప్పుడూ పని పడలేదు. ఎడమ చేతి మీద వరసగా టీ గ్లాసులు, కుడి చేతిలో ప్లేట్ల దొంతర పట్టుకుని, కిక్కిరిసిన బల్లల మధ్య నుంచి చుక్క ఒలక్కుండా నడుచుకుంటూ వచ్చేవాడు. అందుకని తోటి సర్వర్లు ‘నిండుకుండ’ అని పేరు పెట్టారు. నిండుకుండ తొణకదన్న సామెత తన చేతికే కాదు, తన గుణానికి కూడా సరిపోతుందని ఆయన నమ్మకం. ఆ నమ్మకం లోకం మొత్తం మీద ఆయన ఒక్కడికే ఉండేది.

ఎందుకంటే ఇంకెవరి చేతిలోనైనా గ్లాసు జారితే చాలు, ఆయన హాలంతా వినపడేలా అడిగేవాడు: “ఏరా, కాళ్ళు ఇంట్లో పెట్టి వచ్చావా?” తడి నేల మీద జారిపడ్డ వంటమనిషిని లేపడానికి నలుగురూ పరిగెత్తితే, ఈయన మాత్రం పక్క నుంచి ట్రేతో సాఫీగా దాటుకుని పోయి, అయిదో బల్లకి కాఫీలు అందించాకే వెనక్కి తిరిగి చూశాడు. పని అంటే అంత శ్రద్ధ. మనుషులంటే కూడా శ్రద్ధ ఉండేదేమో గానీ, దానికి తీరిక దొరికేది కాదు.

జబ్బు ముందు ఆయన భార్య కంట పడింది. ఆమె స్కూలు యూనిఫారాలు కుట్టే దుకాణంలో మిషను మీద పని చేస్తుంది. మనిషి నడుస్తుంటే రెండు చేతులూ ఊగాలని, ఊగకపోతే చొక్కా భుజం దగ్గర పడే ముడత వేరేగా ఉంటుందని ఆమెకి వృత్తిరీత్యా తెలుసు.

“మీ ఎడమ చెయ్యి ఊగట్లేదండీ. కర్రలా వేలాడుతోంది.”

“ఎన్నేళ్ళు ట్రే మోసిందో తెలుసా ఆ చెయ్యి? ఇప్పుడు రెస్టు తీసుకుంటోంది.”

తర్వాత చెప్పులు ఈడ్చుకుంటున్న చప్పుడు మొదలైంది. ఆ తర్వాత ఓనరు పిలిచి, “ఈమధ్య కస్టమర్ల ముందు మొహం మాడ్చుకుని నిలబడుతున్నావట” అని అడిగాడు. మొహంలో కదలిక తగ్గిపోవడం పార్కిన్సన్స్ లక్షణాల్లో ఒకటని ఆనక డాక్టరు చెప్పాడు. అయితే ఈయన విషయంలో ఆ లక్షణం ఎప్పుడు మొదలైందో తేల్చి చెప్పడం సర్వర్లలో ఎవరి వల్లా కాలేదు.

చివరికి చెయ్యి వణికి, ట్రేలో గ్లాసులు ఒకదానికొకటి తగిలి గలగలలాడటం మొదలుపెట్టాక గానీ ఆయన పెద్దాసుపత్రి మెట్లెక్కలేదు. డాక్టరు నడిపించి చూశాడు, వెనక నిలబడి భుజాలు పట్టి గుంజి చూశాడు. ఆయన వెనక్కి వెనక్కి అడుగులేస్తూ పోయి, చివరికి డాక్టరు చేతుల్లోనే ఆగాడు. జబ్బు పేరు చెప్పి, మాత్రలు రాసి, “వేళ తప్పకుండా వేసుకోండి. బ్యాలెన్స్ తప్పుతుంది, జాగ్రత్త” అని డాక్టరు తర్వాతి వాళ్ళని పిలిచేశాడు.

మాత్రలు మందుల షాపులో దొరికాయి. జాగ్రత్త మాత్రం ఎక్కడ పడితే అక్కడ దొరికింది. భార్య, ఎదురింటివాళ్ళు, పాలు పోసేవాడు, ఎప్పుడూ పలకరించని మేడ మీద ముసలాయన, అందరూ “జాగ్రత్తండోయ్” అన్నవాళ్ళే. ఎలా ఉంటే జాగ్రత్తగా ఉన్నట్టో మాత్రం ఎవరూ చెప్పలేదు.

ఓనరు చెడ్డవాడు కాదు. ట్రే తీసేసుకుని ఆయన్ని సూపర్‌వైజరుని చేశాడు. అంటే గుమ్మం దగ్గర నిలబడి, లోపల చోటు లేకపోయినా “రండి రండి, ఖాళీ ఉంది” అని అబద్ధం చెప్పే ఉద్యోగం. మాత్రలు పని చేస్తున్నాయి, వణుకు కాస్త అదుపులోకి వచ్చింది. ఆయనకి మళ్ళీ ధీమా వచ్చింది. ఆ ధీమా ఆయన్ని ఓ మధ్యాహ్నం, హాలు నిండుగా ఉన్నప్పుడు, వంటగదికీ హాలుకీ మధ్య ఉన్న ఊగుడు తలుపు దగ్గరికి తీసుకెళ్ళింది. ఆలస్యమవుతున్న ఆర్డరు సంగతి అడిగి తిరిగి వస్తుండగా, సరిగ్గా ఆ గడప దగ్గర, పాదాలు ఆగిపోయాయి.

ఆయన ఆపలేదు. అవే ఆగాయి. ఎవరో జిగురు పోసి నేలకి అంటించినట్టు. పైమనిషి ముందుకు వెళ్ళాలని చూస్తున్నాడు, కిందివాడు ససేమిరా అంటున్నాడు. ఇంతలో వెనక నుంచి సర్వరొకడు ట్రేతో వస్తూ అలవాటు ప్రకారం కాలితో తలుపు నెట్టాడు. ఆయన చెట్టు కూలినట్టు బోర్లా హాల్లోకి పడ్డాడు.

దెబ్బేమీ పెద్దగా తగల్లేదు. మోచెయ్యి గీసుకుంది, అంతే. కానీ హాలంతా ఒక్కసారి ఇటు తిరిగింది. స్పూన్లు కూడా ఆగాయి. ఆయన్ని లేపిన సర్వరు ఎన్నేళ్ళుగా ఎదురుచూశాడో ఏమో, ఒంటి మీది దుమ్ము దులుపుతూ ఎంతో ప్రేమగా అడిగాడు: “ఏం అన్నా, కాళ్ళు ఇంట్లో పెట్టి వచ్చావా?”

మర్నాటి నుంచి ఆయన కాళ్ళతో సహా ఇంట్లోనే ఉండిపోయాడు.

ఆసుపత్రిలో ఎక్స్‌రే తీశారు. ఎముకలన్నీ భేషుగ్గా ఉన్నాయి. పాపం, ఆ ఫిల్ములో భయం కనపడదు కదా. ఆయన నోట కూడా ఆ మాట రాలేదు. మొదట నడుం నొప్పి అన్నాడు. తర్వాత ఎండ అన్నాడు. ఎండలు తగ్గితే వాన అన్నాడు. అవీ ఇవీ అయిపోయాక, ఆ ఓనరుకి మర్యాద తెలియదని, పిలిచినా ఆ గడప తొక్కనని భీష్మించుకు కూర్చున్నాడు. తొక్కలేనని అనడం కంటే తొక్కనని అనడం వినడానికి ఎంతో హుందాగా ఉంటుంది.

ఇల్లు రెండు గదులు. మంచం పట్టె, బీరువా అంచు, తలుపు చట్రం, గోడ, మళ్ళీ కుర్చీ వీపు: ఇలా ఒక చెయ్యి ఏదో ఒకటి పట్టుకున్నాకే రెండో చెయ్యి వదిలేవాడు. బీరువాకీ తలుపుకీ మధ్య పట్టుకోవడానికి ఏమీ లేని చిన్న జాగా ఉంది. దాన్ని దాటడానికి ఆయన ఏటి ఒడ్డున నిలబడ్డవాడిలా తటపటాయించేవాడు. నేల సంగతి చెప్పాలి. అది అద్దంలా మెరిసే టైల్సు. అంతకుముందు ఏడాదే బావమరిది దగ్గరుండి వేయించాడు. అతను టైల్స్ దుకాణంలో సేల్స్‌మన్. “మొహం చూసుకోవచ్చు బావా” అని అమ్మాడు. మొహాన్ని అంత దగ్గర నుంచి చూసుకునే అవకాశం బావకి వస్తుందని అప్పుడు ఎవరనుకున్నారు!

రాను రాను కిటికీ పక్క కుర్చీయే ఆయన చిరునామా అయింది. లేవబోతే చాలు, “ఏం కావాలి? కూర్చోండి, నేను తెస్తా!” అని భార్య లోపలి నుంచి కేక. ఆవిడ కేకకే ఆయన సగం పడబోయేవాడు. స్నానానికి వెళ్తే తలుపు తీసే ఉంచి, బయట స్టూలేసుకుని కూర్చునేది. ఆవిడకీ భయమే. కుట్టుమిషను దగ్గర కూర్చున్నా మనసంతా ఇంటి బాత్‌రూములోనే ఉండి, ఓసారి ఓ పిల్లాడి నిక్కరుకి మూడు జేబులు కుట్టేసింది. ఇంతా చేస్తే, కూర్చుని కూర్చుని ఆయన తొడలు సన్నబడ్డాయి. కుర్చీలోంచి లేవడానికే రెండు మూడు ఊపులు కావలసి వచ్చేది. పడకుండా ఉండటానికి ఆయన చేస్తున్న పనే ఆయన్ని పడేయడానికి సిద్ధం చేస్తోందని ఇంట్లో ఎవరికీ తట్టలేదు.

ఇలాంటి సమయాల్లో ఆదుకోవడానికే బావమరుదులు పుడతారు. ఒక ఆదివారం పొద్దున్నే నక్క తల చెక్కిన చేతికర్ర ఒకటి పట్టుకుని దిగాడు. కర్ర ఆయన చంక దాకా వచ్చింది.

“ఇదంతా మనసులో ఉంటుంది బావా. విల్‌పవర్ కావాలి. నాతో పాటు వీధి చివరి దాకా నడు, చూద్దాం.”

“ఇవాళ వద్దురా, ఎండ...”

“మబ్బు పట్టింది బావా. లే.”

గేటు దాకా బాగానే వచ్చారు. గేటు బయట కాలువ మీద ఇనప చువ్వల మూత ఉంది. దాన్ని చూడగానే పాదాలు మళ్ళీ అతుక్కుపోయాయి. ఆయన కర్రని రెండు చేతులా పట్టుకుని నిలబడిపోయాడు.

“ఆగరా. కాస్త ఆగు. లాగొద్దు.”

“నేనున్నాగా బావా!” అని బావమరిది చెయ్యి పట్టి ఒక్క గుంజు గుంజాడు.

విల్‌పవరు ఉన్నవాడు లాగితే ఎవరైనా రావలసిందే. పైమనిషి వచ్చాడు, పాదాలు రాలేదు. ఆయన వెళ్ళి బావమరిది మీద పడ్డాడు, బావమరిది వెళ్ళి రోడ్డు మీద పడ్డాడు. పార్కిన్సన్స్ ఉన్న మనిషికి దెబ్బ తగల్లేదు. విల్‌పవర్ ఉన్న మనిషికి మణికట్టు విరిగింది.

ఎముకల వార్డులో బావమరిదికి కట్టు వేస్తుంటే భార్యాభర్తలు బయట బల్ల మీద కూర్చున్నారు. పక్క గదిలో కసరత్తులు చేయించే డాక్టరమ్మ అటూ ఇటూ తిరుగుతూ ఈయన్ని చూసింది. బల్ల మీంచి లేవడానికి ఈయన పడే పాట్లు, లేచి పక్కకి తిరగడానికి వేసే బుల్లి బుల్లి అడుగులు, గోడని వెతుక్కునే చెయ్యి. దగ్గరికొచ్చి పలకరించింది.

“పడిపోతానని భయంగా ఉంటోందా బాబాయ్ గారూ?”

“భయమేంటమ్మా? హాలు నిండా జనంలో చుక్క ఒలక్కుండా...”

“ఇల్లు దాటి ఎన్నాళ్ళయింది?”

ఆయన కిటికీ వంక చూశాడు. జవాబు భార్య చెప్పింది. ఆమె మొదలుపెడితే నిక్కరు మూడో జేబు దాకా అన్నీ చెప్పింది.

“భయం ఊరికే రాలేదు” అంది డాక్టరమ్మ. “ఈ జబ్బులో ఒళ్ళు తూలితే సర్దుకునే వేగం తగ్గిపోతుంది. నిజంగానే పడే ప్రమాదం ఉంది, లేదని నేను చెప్పను. కానీ మీరు కూర్చున్న కొద్దీ కాళ్ళు బలహీనపడి ఇంకా ఎక్కువ పడతారు. రేపటి నుంచి రండి. నడవడం నేర్చుకుందాం, తిరగడం నేర్చుకుందాం. పడితే ఎలా లేవాలో అది కూడా నేర్చుకుందాం.”

ఆయనకి అభిమానం పొడుచుకొచ్చింది. “పడటానికి ట్రైనింగా?”

“పడటం మీకు వచ్చు కదండీ” అంది ఆమె చల్లగా. “లేవడానికి.”

తన లాంటి నోరు ఇంకొకరికి ఉండటం ఆయన అదే మొదటిసారి చూడటం. బహుశా అందుకే వెళ్ళాడు.

నేర్చుకున్నవన్నీ చిన్న పిల్లలకి చెప్పేలాంటివే. పాదాలు అతుక్కుంటే వాటితో కుస్తీ పట్టకూడదు. ఆగాలి, ఊపిరి తీసుకోవాలి, ఒంటి బరువు ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మార్చాలి, అప్పుడు పెద్ద అడుగు వేయాలి. ఉన్నచోటే గిరుక్కున తిరగకూడదు, బస్సు మలుపు తిరిగినట్టు చుట్టూ తిరిగి రావాలి. నడిచేటప్పుడు చేతుల్లో కర్ర తప్ప ఏమీ పట్టుకోకూడదు. నడుస్తూ కబుర్లు చెప్పకూడదు. ఈ చివరి రెండూ విన్నప్పుడు, జీవితమంతా రెండు చేతుల నిండా మోస్తూ, నోటితో అందరినీ తిడుతూ నడిచిన ఆ మనిషి మొహం పక్కకి తిప్పుకున్నాడు. ఆమె చూడకుండా చొక్కా చేతితో కళ్ళు తుడుచుకున్నాడు.

నక్క తల కర్రని మూలన పెట్టి, ఆయన ఎత్తుకి సరిపడే కర్ర ఇప్పించారు. బీరువాకీ తలుపుకీ మధ్య ఉన్న జాగాలో అడ్డంగా రంగు టేపు గీతలు అంటించారు, గీత దాటినట్టు అడుగు వేయడానికి. బాత్‌రూము గోడకి పట్టుకోవడానికి కడ్డీ, నేల మీద జారని రబ్బరు పట్టా. మెరిసే టైల్సు మీద టేపు చూసి బావమరిది విరిగిన చెయ్యి కంటే ఎక్కువ బాధపడ్డాడు.

“లుక్కు మొత్తం పోయింది అక్కా!”

“మీ బావ పళ్ళు పోలేదుగా, సంతోషించు” అంది అక్క.

నేల మీంచి లేచే పాఠం ఇంట్లోనే సాధన చేయాలి. పరుపు నేల మీద పరిచి ఆయన్ని పడుకోబెట్టారు. ముందు పక్కకి దొర్లు. మోచేతి మీద లే. చేతులూ మోకాళ్ళ మీద పాకి కుర్చీ దగ్గరికి వెళ్ళు. కుర్చీ మీద చేతులు ఆన్చి, గట్టి కాలు ముందుకు వెయ్యి, ఇక లే. ఆయన మొదటి రోజు మోచేతి దగ్గరే ఆగిపోయి తిట్లందుకున్నాడు. “ఇదేం బ్రహ్మవిద్యా, నేను చూపిస్తా ఉండండి” అని భార్య పక్కన పడుకుంది. ఆవిడ మోకాళ్ళు ఆవిడ మాట వినలేదు. ఇద్దరూ పరుపు మీద చేపల్లా కొట్టుకుంటుంటే, చేతికి కట్టుతో బావమరిది కుర్చీలో కూర్చుని “విల్‌పవర్, విల్‌పవర్” అన్నాడు. ఆ రోజు ఆ ఇంట్లో చాలా కాలానికి నవ్వు వినపడింది. ఆయన మొహం నవ్వలేదు గానీ పొట్ట కదలడం ఆమె చూసింది.

కాళ్ళలో కాస్త సత్తువ వచ్చింది. ఆవిడ మళ్ళీ రోజంతా దుకాణానికి వెళ్ళసాగింది. అలాంటి ఒక మధ్యాహ్నం ఆయన ఒక్కడే ఇంట్లో బట్టలు మడత పెడుతున్నాడు. మంచం మీద ఫోను మోగింది. బస్సు మలుపు, గీతలు, పెద్ద అడుగు, అన్నీ మరిచిపోయి గిరుక్కున తిరిగాడు. ఒళ్ళు తిరిగింది, కాళ్ళు తిరగలేదు. టైల్సు మీద పక్కకి కూలిపోయాడు. ఫోను మోగుతూనే ఉంది.

చెంప నేలకి ఆని ఉంది. మంచం కింద దుమ్ము, ఒంటరి చెప్పు, దొర్లిపోయిన దారపు ఉండ కనపడ్డాయి. ఇన్నాళ్ళూ దేనికి భయపడ్డాడో అదే జరిగింది: పడ్డాడు, ఇంట్లో ఎవరూ లేరు. కాసేపు ఊరికే పడుకున్నాడు. ఎక్కడైనా విరిగిందా అని ఒక్కొక్క చెయ్యీ కాలూ కదిపి చూసుకున్నాడు. తుంటి మంటగా ఉంది, కదులుతోంది. దొర్లాడు. మోచెయ్యి మీద లేచాడు, జారింది. తిట్టాడు. మళ్ళీ లేచాడు. పాకుతూ కుర్చీ దాకా వెళ్ళాడు. కుర్చీ మీద చేతులాన్చి కాలు ముందుకు వేయబోతే వేయలేకపోయాడు. నుదురు కుర్చీకి ఆన్చి, ఊపిరి పీల్చి, ఒంటి బరువు అటూ ఇటూ ఊపాడు. కాలు వచ్చింది. లేచి కుర్చీలో కూలబడేసరికి చొక్కా తడిసి ముద్దయింది.

ఫోను మళ్ళీ మోగింది. ఈసారి మెల్లగా, చుట్టూ తిరిగి వెళ్ళి, మంచం మీద కూర్చున్నాకే ఎత్తాడు. బావమరిది.

“ఏంటి బావా, ఎంతసేపటికీ ఎత్తవు? పడ్డావేమోనని కంగారుపడి చస్తున్నా.”

“పడ్డాను. నువ్వు ఫోన్ చేశావని తిరగబోయి పడ్డాను.”

“అయ్యయ్యో! కదలకు. అలాగే ఉండు, వచ్చేస్తున్నా!”

“లేచానురా.”

“ఎవరు లేపారు?”

“నేనే.”

“ఊరుకో బావా, నా దగ్గర కూడా అబద్ధాలా?”

సాయంత్రానికి ఇల్లు జనంతో నిండింది. వచ్చిన ప్రతివాళ్ళకీ ‘పడ్డాడు’ అన్న మాట చక్కగా వినపడింది. ‘లేచాడు’ అన్న మాటకి మాత్రం అందరి చెవుల్లోనూ దూది పెట్టినట్టుంది. ఆయన విసిగి, మళ్ళీ పడి చూపిస్తానన్నాడు. అందరూ హడలిపోయి సెలవు తీసుకున్నారు. భార్య తుంటికి మందు రాస్తూ ముందు తిట్టింది, తర్వాత ఏడ్చింది, చివరికి గొంతు తగ్గించి అడిగింది.

“నిజంగా మీరే లేచారా?”

“నిజంగా.”

“భయం వెయ్యలేదూ?”

“చచ్చేంత భయమేసింది” అన్నాడు ఆయన. అన్నాళ్ళలో ఆ మాట అనడం అదే మొదటిసారి. ఆవిడ మందు మూత బిగించింది. మర్నాడు దుకాణానికి వెళ్ళి, మధ్యలో ఒక్కసారి కూడా ఫోను చెయ్యలేదు. ఫోను చెయ్యొద్దని తమ్ముడికి కూడా గట్టిగా చెప్పింది.

జబ్బు తగ్గే జబ్బు కాదు. ఆ తర్వాత కూడా ఆయన పడ్డాడు. ఒకసారి లేవలేక, భార్య వచ్చేదాకా తలకింద దిండు లాక్కుని నేల మీదే ఉన్నాడు. కొన్ని రోజులు భయం పొద్దున్నే నిద్ర లేచి ఆయన కంటే ముందు కుర్చీలో కూర్చుంటుంది. ఆ రోజుల్లో “ఇవాళ భయంగా ఉంది” అని చెప్పి ఇంట్లోనే ఉంటాడు. ఎండ మీదా ఓనరు మీదా నిందలు వేయడం మానేశాడు.

మిగతా రోజుల్లో మాత్రం, మాత్ర వేసుకుని అది పట్టిన వేళ చూసుకుని, కర్ర పట్టుకుని హోటలుకి బయలుదేరతాడు. మొదటిసారి వెళ్ళినప్పుడు మెట్టు దగ్గర పాదాలు ఆగిపోతే లోపలి నుంచి నలుగురు సాయానికి పరిగెత్తుకొచ్చారు. ఆయన కర్ర ఎత్తి, “ముట్టుకుంటే కొడతా. మీలో ఎవరి చెయ్యి విరిగినా నాకు సంబంధం లేదు” అన్నాడు. నలుగురూ వరసగా నిలబడిపోయారు. ఆయన తీరిగ్గా అటూ ఇటూ ఊగి, మెట్టెక్కి, గోడ పక్క బల్ల దగ్గర కస్టమరుగా కూర్చున్నాడు.

అప్పటి నుంచి సర్వర్ల కష్టాలు మొదలయ్యాయి. టీ సాసర్లోకి ఒలికిందంటాడు. గ్లాసు అంచు మీద వేలి ముద్ర ఉందంటాడు. వంటగది గుమ్మంలో తడి తుడవమని, తుడిచేదాకా అరుస్తాడు. ఊగుడు తలుపుని కాలితో తన్నిన సర్వరుని హాలంతా వినపడేలా కడిగేస్తాడు. ఇది న్యాయమైన కోపమే గనక ఎవరూ ఎదురు చెప్పలేకపోతున్నారు. అదే అసలు బాధ.

చివరికి ఓనరు ఒకరోజు యూనిఫారాల దుకాణం ముందు స్కూటరు ఆపి, కుట్టుమిషను దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

“అమ్మా, ఆయన ఆరోగ్యం కుదుటపడటం మా అందరికీ సంతోషమే. కానీ రోజూ రావాలా? రోజు విడిచి రోజు పంపితే ఆయనకీ విశ్రాంతిగా ఉంటుంది కదా అని...”

ఆమె సూదిలో దారం ఎక్కించి, పంటితో తుంచి, తలెత్తి ఓనరు వంక జాలిగా చూసింది.

“పంపేది నేనెవర్నండీ? ఆయన తన కాళ్ళతో తాను వస్తున్నాడు. ఆపితే మీరే ఆపుకోండి.”